మా చిన్నదీ, 2388 మెట్లూ

పోయిన శనివారం శ్రీవారి మెట్టు దారిన తిరుమల ఎక్కాం. రెండు కిలోమీటర్ల పైచిలుకు, 2388 మెట్లు. అలిపిరి దారైతే 3550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఐదేళ్ల పిల్లతో ఎందుకులే అని ఇటు వచ్చాం.

మొదటి మూడొందల మెట్లూ దానిదే హడావుడి. మెట్టు మెట్టుకీ పసుపు కుంకుమ పెడుతున్న ఒకావిడ వెనకే పరుగులు, "గోవిందా" అని కేకలు. తర్వాత ఉన్నట్టుండి కూలబడి "నాన్నా, ఎత్తుకో" అంది. చంకనేసుకుని యాభై మెట్లెక్కేసరికి ఆయాసం నాకు! ఇంతలో కోతిపిల్ల కనపడింది. అంతే, దిగి మళ్లీ గెంతులు. అంటే అది అలసట కాదు, విసుగన్నమాట. కానీ చివరి ఐదారొందల మెట్ల దగ్గర ఏ కోతీ పనిచేయలేదు. మొహం వాడిపోయింది, మాట కూడా లేదు. ఇక బతిమాలకుండా భుజాల మీదకెత్తుకున్నా.

"మేం రోజూ రెండు మైళ్లు నడిచి బడికెళ్లేవాళ్లం" అంది మా అమ్మ. ఇప్పుడు విద్యా హక్కు చట్టం నిబంధనల ప్రకారం ఐదో తరగతి దాకా బడి కిలోమీటరు లోపే ఉండాలమ్మా అంటే, "అందుకే ఇలా తయారయ్యారు" అనేసింది.

రాత్రి కాళ్లకు కొబ్బరినూనె రాస్తుంటే "మళ్లీ ఎప్పుడెళ్దాం?" అంటూ నిద్రపోయింది. నా పిక్కలు మాత్రం ఇంకా పట్టేసే ఉన్నాయి.