ఎత్తు మీద నుంచి మొదటి దెబ్బ

గచ్చిబౌలిలోని బౌల్డర్ హిల్స్ గోల్ఫ్ కోర్సులో ఎత్తయిన టీ (బంతిని మొదట కొట్టే చోటు) మీద నిలబడిన ప్రతిసారీ నా గుండె వేగం పెరుగుతుంది. పక్కన ఏనుగంత బండరాళ్లు, ఎక్కడో దిగువన అరచేయంత గ్రీన్, అంటే బంతి చేరాల్సిన రంధ్రం ఉండే పచ్చిక. మొన్న ఆదివారం పొద్దున్నే ఏడో నంబరు ఐరన్ క్లబ్బు (బంతి కొట్టే కర్ర) అందుకున్నాను. "ఎనిమిది చాలు సార్, పల్లం కదా" అన్నాడు క్లబ్బులు మోసే క్యాడీ; నంబరు పెరిగేకొద్దీ బంతి పోయే దూరం తగ్గుతుంది మరి. నేను వినలేదు. బంతి గ్రీన్ మీదుగా వెళ్లి రాళ్లలో పడింది.

లెక్క తెలియనిది కాదు. మూడడుగుల పల్లానికి సుమారు ఒక గజం దూరం తగ్గించి కొట్టాలి. 30 అడుగుల పల్లమైతే 10 గజాలు, అంటే దాదాపు ఒక క్లబ్బు తేడా. పైగా బంతి గాలిలో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి చిన్న గాలి కూడా దాన్ని పక్కకు లాగేస్తుంది.

అమెరికాలోని అగస్టా నేషనల్ కోర్సులో 10వ హోల్ టీ నుంచి గ్రీన్ దాకా సుమారు 100 అడుగులు దిగుతుంది. టీవీలో ఆ పల్లం సగం కూడా తెలియదు. దక్షిణాఫ్రికాలో హెలికాప్టర్‌లో కొండపైకి వెళ్లి, 400 మీటర్లకు పైగా దిగువన ఉన్న గ్రీన్‌కు కొట్టే పార్ 3 (మూడు దెబ్బల్లో ముగించాల్సిన హోల్) ఒకటుంది. నాకు మాత్రం కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్ కోర్సులో 7వ హోల్ అంటేనే ప్రాణం. నూరు గజాలకు కాస్త ఎక్కువ, వెనకంతా సముద్రం; గాలిని బట్టి రోజుకో క్లబ్బు.

ఈ ఆదివారం క్యాడీ గడ్డిపరకలు తుంచి గాలిలోకి వదిలాడు. అవి ఎటు పోతాయో చూశాకే ఎనిమిదో నంబరు తీశాను.