పాత స్టేషన్ బిల్డింగును ఫొటో తీయాలంటే ముందు దిక్కు చూసుకోండి

షాద్‌నగర్, జడ్చర్ల, మహబూబ్‌నగర్, గద్వాల స్టేషన్లు నాలుగూ రైల్వే స్టేషన్లను కొత్తగా తీర్చిదిద్దే అమృత్ భారత్ పథకంలో ఉన్నాయి. నిజాం కాలంలో మీటర్ గేజ్‌గా వేసిన ఈ హైదరాబాద్ కర్నూలు లైను 1990ల్లో బ్రాడ్ గేజ్ అయింది. ఇప్పుడు స్టేషన్ల ముందు రూపం మారుతోంది. అందుకే అందం సంగతి తర్వాత, రేపు ఎవరైనా చూసి కొలతలు అంచనా వేసుకోగలిగే ఫొటో ముందు తీసి పెట్టుకోవాలి.

పొద్దు సంగతి లైనే చెప్పేస్తుంది. కర్నూలు లైను దాదాపు ఉత్తర దక్షిణాలుగా పోతుంది కాబట్టి బిల్డింగు ముఖం తూర్పుకో పడమటికో ఉంటుంది. పట్టాలకు పడమటి పక్కన ఉన్న బిల్డింగైతే రోడ్డు వైపు గోడకు సాయంత్రం, ప్లాట్‌ఫారం వైపు గోడకు ఉదయం వెలుగు. భువనగిరి మీదుగా కాజీపేట పోయే లైను తూర్పు పడమరల దారి, అక్కడ లెక్క వేరు. ఉత్తరం వైపు గోడ మీద చలికాలమంతా ఎండే పడదు. మార్చి చివరి నుంచి సెప్టెంబరు దాకా పొద్దున, సాయంత్రం ఏటవాలుగా తగులుతుంది. దక్షిణం గోడకు మాత్రం డిసెంబరు, జనవరి బంగారం లాంటి నెలలు.

ఎదురు ఫొటోకు ముఖద్వారం నడిమికి సూటిగా నిలబడి కెమెరాను మట్టంగా పట్టండి. పైకప్పు అందడం లేదని కెమెరా పైకెత్తితే గోడలు వెనక్కి వాలినట్టు వస్తాయి. దాని బదులు వెనక్కి జరగండి, కింద నేల ఎక్కువ పడినా తర్వాత కత్తిరించవచ్చు. సాఫ్ట్‌వేర్లో నిలువు గీతలు సరిచేస్తే అంచులు పోతాయి, చుట్టూ ఐదో వంతు ఖాళీ వదలండి. ఆటోలు, హోర్డింగులు అడ్డమై వెనక్కి జరిగే జాగా లేకపోతే కెమెరాను నిలువుగా పట్టి, ఒక్కో ఫొటో పక్కదానితో మూడో వంతు కలిసేలా వరసగా తీసి అతికించండి. ఫోనులో 0.5 లెన్సు (ఎక్కువ వెడల్పు చూపేది) వద్దు, మూలలు సాగుతాయి. ప్లాట్‌ఫారం వైపు ముఖానికి ఎదుటి ప్లాట్‌ఫారమే సరైన చోటు.

లెన్సు రంధ్రం ఎఫ్8, వెలుగును పట్టే సున్నితత్వం ఐఎస్‌ఓ 100 చాలు. సున్నం గోడను కెమెరా బూడిద రంగుకు దించుతుంది కాబట్టి ఎక్స్‌పోజర్ ముప్పావు స్టాపు పెంచండి (ఒక స్టాపు పెంచితే వెలుగు రెట్టింపు). షెడ్డు నీడ, బయటి ఎండ ఒకే ఫ్రేములో ఉంటే రెండు స్టాపులు తక్కువ, సరి, రెండు ఎక్కువ, ఇలా మూడు తీయండి. రాత్రి దీపాల కింద ఫొటోలో అడ్డపట్టీలు వస్తే అది కరెంటు 50 హెర్ట్జ్ మినుకు. షట్టరు 1/50 సెకను గానీ 1/100 సెకను గానీ పెడితే చాలావరకు పోతాయి.

చాలామంది వదిలేసేది స్తంభాలను. పాత షెడ్లకు చాలాచోట్ల వాడేసిన పట్టాలనే స్తంభాలుగా నిలబెట్టారు. పట్టా నడుం మీద తయారీదారు పేరు, సంవత్సరం ఉబ్బెత్తు అక్షరాలుగా ఉంటాయి, పొరలు పొరలుగా పడ్డ పెయింటు కింద అవి పూడిపోతాయి. ఫ్లాష్ ఎదురుగా కొడితే అక్షరం అసలు కనబడదు. టార్చిని స్తంభానికి ఆనించినట్టే పక్క నుంచి వేయండి, ప్రతి అక్షరానికీ నీడ లేస్తుంది. పక్కన ఒక స్కేలు పెట్టి తీస్తే కొలత కూడా దొరుకుతుంది. పెయింటు గీకడం మాత్రం వద్దు. పట్టా మీది సంవత్సరం ఆ పట్టాది, బిల్డింగుది కాదు.

10 రూపాయల ప్లాట్‌ఫారం టికెట్ రెండు గంటలు చెల్లుతుంది. స్టాండు వేయాలంటే స్టేషన్ మాస్టర్‌ను ముందే అడగండి, వ్యాపారానికైతే రైల్వే అనుమతి, ఫీజు తప్పవు. పట్టాల మీదికి దిగితే రైల్వే చట్టం 147వ సెక్షను కింద ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, ఒక్కోసారి రెండూ. పై తీగలో 25,000 వోల్టులు ఉంటాయి, తాకక్కర్లేదు, దగ్గరికి పోతే చాలు లాగేస్తుంది. సెల్ఫీ స్టిక్, మోనోపాడ్ పైకెత్తడం అక్కడ ఆట కాదు.

ఇంటికొచ్చాక ఫైలు పేరులోనే స్టేషను, గోడ దిక్కు, తేదీ రాసేయండి. అసలు ఫైలు అలాగే ఉంచి, సరిచేసినది వేరే పేరుతో పెట్టుకోండి.