నీ యింటిలో ఏమి యున్నది?

బెంగళూరు తెలుగు సంఘాల్లో ఇప్పుడు ప్రార్థన మనవులంటే ఎక్కువగా ఉద్యోగాల గురించే. మారతహళ్లి కూడికైనా ఎలక్ట్రానిక్ సిటీ కూడికైనా అవే మాటలు: ప్రాజెక్టు అయిపోయింది, పని ఇవ్వకుండా బెంచి మీద కూర్చోబెట్టారు, ఆఫరు వచ్చి ఆగిపోయింది. మనవి పూర్తికాకముందే ఎవరో ఒకరు విధవరాలి నూనె కథ ఎత్తుకుంటారు. "ప్రభువు పాత్రలు నింపుతాడు సిస్టర్!" ఆమేన్, నింపుతాడు. అయితే రెండవ రాజులు నాలుగో అధ్యాయంలో మనకు నూనె పారిన ఘట్టం ఒక్కటే కావాలి. దానికి ముందున్న ప్రశ్న, దాని తర్వాత వచ్చిన ఆజ్ఞ ఎవరికీ పట్టడం లేదు.

భర్తను పోగొట్టుకున్న ఒక స్త్రీ ఎలీషా ప్రవక్త దగ్గర మొరపెట్టుకుంది. అప్పులవాడు ఆమె ఇద్దరు కొడుకుల్ని దాసులుగా పట్టుకుపోవడానికి సిద్ధంగా ఉన్నాడు. అంత గాభరాలో ఎలీషా అడిగింది ఒక్కటే: "నీ యింటిలో ఏమి యున్నదో అది నాకు తెలియజెప్పుము." ఇంట్లో ఉన్నదాని లెక్క అడిగాడు. నూనె కుండ ఒకటి ఉందని ఆమె చెప్పింది. అద్భుతం ఆ లెక్కలోకి వచ్చిన కుండ మీదే జరిగింది: ఇరుగుపొరుగు దగ్గర అడిగి తెచ్చిన వట్టి పాత్రలన్నీ ఆ నూనెతో నిండాయి.

కాబట్టి ఉపవాసం మొదలుపెట్టే ముందు భార్యాభర్తలు ఒక పూట కూర్చుని కాగితం మీద రాయండి. ఎడమవైపు ఉన్నవి: ఖాతాలో డబ్బు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు, పీఎఫ్, బంగారం గ్రాముల్లో, ఇంటి ఓనరు దగ్గరున్న అడ్వాన్సు. ఈ ఊళ్లో ఆ అడ్వాన్సే లక్షల్లో ఉంటుంది. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగు పేరుతో ఒక నెల అద్దె పట్టుకుంటారు, అది తీసేసి రాయండి. కుడివైపు అప్పులు. చీటీ కడుతుంటే పాట పాడుకున్నారో లేదో చూసుకోవాలి. పాడుకున్న చీటీకి మిగిలిన నెలల వాయిదాలన్నీ మీ మీద అప్పే, కుడివైపుకు పోవాలి. చాలామంది దాన్ని పొదుపు కింద రాసుకుని మోసపోతారు.

ఎడమవైపున్న ప్రతిదాని పక్కన అది చేతికి రావడానికి ఎన్ని రోజులు పడుతుందో వేయండి. నూనె ఆ దేశంలో ఇంటింటికీ అక్కరైన సరుకు. ఇశ్రాయేలు రాజధాని షోమ్రోను తవ్వకాల్లో 1910లో దొరికిన కుండపెంకుల మీద కూడా ద్రాక్షారసం, నూనె పద్దులే ఉన్నాయి. అమ్మితే ఆ రోజే డబ్బు. హోసకోట దగ్గర సైటు అలా కాదు. కొనేవాడు దొరికి, పత్రాలు చూసుకుని, రిజిస్ట్రేషను అయ్యేసరికి నెలలు గడుస్తాయి. కాగితం మీద అరవై లక్షలుండి అద్దెకు వెతుక్కునే పరిస్థితి ఇలాగే వస్తుంది.

లీజు ఇళ్లలో ఉన్నవాళ్లకు విడిగా చెప్పాలి. అద్దె లేదని పది, పదిహేను లక్షలు ఓనరు చేతిలో పెట్టి ఉంటారు. ఆ ఇంటి మీద ఓనరుకు బ్యాంకు అప్పుండి ఆయన కట్టకపోతే, బ్యాంకు ఇంటిని స్వాధీనం చేసుకుంటుంది. మీ డబ్బు ఇరుక్కుంటుంది. సబ్ రిజిస్ట్రారు దగ్గర ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీయించండి, దాంతో సరిపెట్టుకోకుండా అసలు పత్రాలు చూపించమనండి. పత్రాలు కుదువపెట్టి తెచ్చిన అప్పు ఒక్కోసారి ఈసీలోకి ఎక్కదు. ఏడాది దాటిన లీజును రిజిస్టరు చేయించుకోవాలి. స్టాంపు కాగితం మీద సంతకాలతో ఆపేస్తే రేపు కోర్టులో ఆ కాగితానికి బలం ఉండదు.

ఇక ఏడో వచనం. "నీవు పోయి ఆ నూనెను అమ్మి నీ అప్పు తీర్చి మిగిలినదానితో నీవును నీ పిల్లలును బ్రదుకుడి." అమ్ము, తీర్చు, బ్రదుకు. ఈ వరుస మీద ఎంత ధ్యానించినా తనివి తీరదు. యూదుల పాత సంప్రదాయం ఈమె భర్త ఓబద్యా అంటుంది. అహాబు రాజు ఇంటిని నిర్వహిస్తూ, రాణి యెజెబెలు కత్తి నుంచి నూరుమంది ప్రవక్తల్ని గుహల్లో దాచి పోషించినవాడు. వాళ్ల తిండి కోసమే అప్పులు చేశాడంటారు. ఇంతకంటే పరిశుద్ధమైన అప్పు ఇంకేముంటుంది? అయినా ఎలీషా "దేవుని పనికి చేసిన అప్పు, దేవుడే చూసుకుంటాడు" అనలేదు. తీర్చమన్నాడు. అప్పిచ్చినవాణ్ని శపించనూ లేదు. పరిచర్య పేరుతో తెచ్చిన డబ్బు తిరిగి అడిగితే "విశ్వాసం లేదా బ్రదర్?" అనేవాళ్లు ఈ వచనం ముందు కాసేపు మోకరించాలి.

ఇంకొకటి కూడా చూడండి. అమ్మిన డబ్బులో నా వంతు తెమ్మని ప్రవక్త అడగలేదు. తర్వాతి అధ్యాయంలో నయమాను వెంట పరుగెత్తి వెండి, బట్టలు అడిగిన ఎలీషా సేవకుడు గేహజీకి కుష్ఠు తగిలిందని మనకు తెలుసు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డు చేతిలో పెట్టి, విత్తన కానుక వేస్తే నూరంతలు వస్తుందని చెప్పినప్పుడు, క్రెడిట్ కార్డు గీకి కానుక ఇవ్వకండి. పౌలు కొరింథీయులకు రాసింది "శక్తికి మించి కాదు గాని కలిమి కొలది" అని. జీతం ఆగిన నెలలో దశమభాగం దేనిలోంచి తీస్తారు? రాబడి లేనిచోట పదోవంతు లేదు, అది దొంగతనమూ కాదు. ఉద్యోగం పోయినప్పుడు కంపెనీ లెక్క తేల్చి ఇచ్చే సెటిల్‌మెంటు డబ్బు వచ్చిన రోజు ఇవ్వండి, సంతోషంగా ఇవ్వండి.

ఆ సెటిల్‌మెంటు మాటే చెప్పుకోవాలి. సెలవుల డబ్బు, అయిదేళ్లు దాటితే గ్రాట్యుటీ, ఒక్కసారిగా వస్తాయి. పాత్రలు అయిపోగానే నూనె నిలిచిపోయింది. ఈ డబ్బూ అంతే, మళ్లీ రాదు. దానితో మొదట తీర్చాల్సింది క్రెడిట్ కార్డు బాకీ. నెలకు మూడు, మూడున్నర శాతం అంటే ఏడాదికి నలభై దరిదాపు. కనీస మొత్తం కట్టి ఊరుకుంటే కొత్తగా కొన్న వస్తువులకు కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. బాకీ తరగకపోవడానికి కారణం అదే. ఆ తర్వాత నూటికి మూడు రూపాయల చేబదులు, తర్వాత బంగారం మీద అప్పు. ఇంటి లోనుకు వాయిదా తప్పనివ్వకండి, అలాగని చేతిలో ఉన్నదంతా దాంట్లో ముందే పోసేయకండి. మామూలు ఇంటి లోనులో ముందుగా కట్టిన డబ్బును అవసరమొచ్చిందంటే బ్యాంకు తిరిగివ్వదు.

మిగిలినదానితో బ్రదకడానికి ఎంత కావాలి? ఒక ఇల్లు అనుకుందాం. అద్దె, మెయింటెనెన్సు 29,000. సరుకులు, పాలు, గ్యాసు 16,000. స్కూలు ఫీజును నెలకు విడదీస్తే 10,000. కరెంటు, నీళ్లు, ఫోన్లు 5,000. ప్రయాణాలు 6,000. ఊళ్లో అమ్మానాన్నలకు 10,000. ఈఎంఐ 18,000. మొత్తం 94,000. ఆరు నెలలకు 5,64,000. దీన్ని ఒకే బ్యాంకులో పెట్టవద్దు. డిపాజిట్ల బీమా ఒక్కో మనిషికి ఒక్కో బ్యాంకులో వడ్డీతో కలిపి 5 లక్షల వరకే, అదీ 2020 ఫిబ్రవరి నుంచి. అంతకుముందు లక్షే. 2020 జనవరిలో ఈ ఊళ్లోనే ఒక సహకార బ్యాంకు మీద రిజర్వు బ్యాంకు ఆంక్షలు పెట్టినప్పుడు ఖాతాదారులు 35,000కు మించి తీసుకోలేకపోయారు. అర శాతం వడ్డీ ఎక్కువని మొత్తం ఒకచోట పెట్టినవాళ్ల గతి అది.

హామీ సంతకాల సంగతి గట్టిగానే చెప్పాలి. "అప్పులకు పూటబడు వారితో చేరకుము" అని సామెతలు 22 చెబుతుంటే, సంఘంలో మొహమాటానికి సంతకాలు పెట్టేస్తున్నారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం అసలు అప్పుదారుడికి ఎంత బాధ్యతో హామీదారుడికీ అంతే. ముందు వాణ్ని అడిగి తర్వాతే మీ దగ్గరకు రావాలన్న నియమం లేదు. కాదనడానికి భయపడకండి, మీరు ప్రేమించేవాడికి చేతనైనంత ఊరికే ఇవ్వండి.

ఇరుగుపొరుగువాళ్లు ఆ విధవరాలికి ఇచ్చింది వట్టి పాత్రలే, వడ్డీకి డబ్బు ఎవరూ ఇవ్వలేదు. ఉద్యోగం పోయిన ఇంటికి సంఘం చేయగలిగినవి చాలా ఉన్నాయి. టర్ము ఫీజు నేరుగా స్కూలుకే కట్టండి. రెఫరల్ ఇప్పించండి. వాళ్ల పేరు వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, నూనె పోసింది తలుపులు మూసుకునే. కంపెనీ ఆరోగ్య బీమా సాధారణంగా ఆఖరి పనిదినంతో ఆగిపోతుందని గుర్తుచేయండి. ఆ రోజు రాకముందే హెచ్‌ఆర్‌కు, బీమా కంపెనీకి మెయిలు పెట్టి, గ్రూపు పాలసీని సొంత పాలసీగా మార్చమని అడగాలి. గడువు దాటితే కొత్త పాలసీయే గతి. దానిలో ప్రమాదాలకు తప్ప మొదటి 30 రోజులు క్లెయిము ఉండదు, అంతకుముందున్న షుగరు, బీపీలకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. సంఘంలో హెచ్‌ఆర్ పని తెలిసిన సహోదరి ఉంటే ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఉద్యోగం పోయినవాళ్లను ఆమె పక్కన కూర్చోబెట్టి ఆ మెయిలు రాయించండి.