పద్నాలుగు తర్వాత పదిహేడు

నవంబరు 30, ఆదివారం

పొద్దున్న అమ్మ కంట్లో చుక్కలు వేసి క్యాలెండర్ మీద ఆఖరి టిక్కు పెట్టాను. శుక్లాల ఆపరేషన్ అయి నెల దాటింది. "ఇంక నేనే చదువుకుంటాలే, నీ గొంతు బొంగురుపోయింది" అంది. నిజమే. ఈ నెలంతా రాత్రి భోజనాలయ్యాక గంటసేపు అమ్మకి నవలలు పైకి చదవడమే నా పని. అంతకుముందు ఆఫీసు మెయిళ్లు తప్ప ఇంకేమీ చదవకుండా ఎన్నేళ్లు గడిపానో లెక్కేసుకుంటే సిగ్గేసింది.

ఏం చదవాలో అమ్మే తేల్చింది. ముందు రాజుల కథ, తర్వాత ప్రేమ కథ, మధ్యలో బోరు కొడితే హత్య.

రాజుల కథంటే అడివి బాపిరాజు 'గోన గన్నారెడ్డి'. ఆయన చిత్రకారుడు కూడా కదా, వర్ణన మొదలైతే ఓ పట్టాన వదలడు. వాక్యం మధ్యలో నాకు ఊపిరందక ఆగితే అమ్మ "ఊఁ" అనేది. గణపతిదేవుడు రుద్రమని మగపిల్లాడిలా పెంచి రుద్రదేవుడని పిలిపించిన దగ్గర మాత్రం నన్ను ఆపింది. "ఆ పిల్లని ఎవరైనా అడిగారా?" అంది. నవలలో ఎవరూ అడగలేదు మరి.

చివరికి రుద్రమ ఏమైందని కూడా అడిగింది. వెతికి చూశాను. నల్గొండ జిల్లా చందుపట్లలో ఒక శాసనం ఉంది. రుద్రమదేవికీ ఆవిడ సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోకం కలగాలని పువ్వుల ముమ్మడి అనే బంటు భూమి దానం చేసి వేయించాడు. తేదీ 1289 నవంబరు 27. తిరగబడ్డ సామంతుడు కాయస్థ అంబదేవుడితో యుద్ధంలో ఇద్దరూ పోయి ఉంటారని చరిత్రకారుల ఊహ. ఇది చదివేసరికి మొన్న గురువారమే నవంబరు 27 అని గుర్తొచ్చింది. మార్గశిర లక్ష్మివారమని ఆరోజు అమ్మ నల్లద్దాలు పెట్టుకుని విశాఖ బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి దగ్గర రెండు గంటలు క్యూలో నిలబడింది. "ముందే చెప్పుంటే ఆవిడ పేరు మీద కూడా దణ్ణం పెట్టుకుందును కదే" అంది. 736 ఏళ్లు ఆలస్యంగా చెప్పినందుకు కాదు, మూడు రోజులు ఆలస్యంగా చెప్పినందుకు నాకు చీవాట్లు.

హత్య నవలకి అట్ట లేదు, మొదటి రెండు పేజీలూ లేవు, రాసిందెవరో తెలీదు. డిటెక్టివ్ యుగంధర్ లేడు కాబట్టి కొమ్మూరి సాంబశివరావుది కాదని అమ్మ తీర్పు. ఎప్పుడో మూతపడిన అద్దె లైబ్రరీ ముద్ర మాత్రం మిగిలింది, అద్దె రోజుకి పావలా. తొమ్మిదో పేజీ అంచున ఎవరో మహానుభావుడు పెన్సిల్‌తో 'హంతకుడు డాక్టరే' అని రాసి పెట్టాడు. ఒళ్లు మండిపోయింది. డాక్టరు ఎవరికి నాడి చూసినా, ఎవరికి మందిచ్చినా మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తీరా చివరికొస్తే డాక్టరు పరమ అమాయకుడు, చంపింది గుమాస్తా. నవలాకారుడి కంటే ఆ పెన్సిల్ వాడే ఘటికుడనిపించింది.

ఇక ప్రేమ కథ. నిజం చెప్పాలంటే నెల మొత్తంలో నన్ను నిద్రపోనివ్వనిది ఇదే. 1980లో ఒక వారపత్రికలో వచ్చిన సీరియల్. అమ్మ వారం వారం పేజీలు చింపి దాచి, దబ్బనంతో కుట్టి, మైదా జిగురుతో క్యాలెండర్ అట్ట అతికించుకుంది. వెనక పేజీల్లో వారఫలాలు, ఉసిరికాయ పచ్చడి, తలనూనె ప్రకటన. హీరో సంగతి చెప్పక్కర్లేదు. ఆరడుగులు, కారు, కోపం.

పద్నాలుగో భాగం చివర హీరో ఉత్తరం రాసి హాల్లో బల్ల మీద పెట్టి వెళ్తాడు. పేజీ తిప్పితే పదిహేడో భాగం. హీరోయిన్ బెంగుళూరులో ఉద్యోగం చేస్తోంది, హీరోకి గడ్డం పెరిగింది. రెండు వారాలు లేవు! అమ్మ అప్పటికే గుర్రు పెడుతోంది.

పెన్సిల్ వాడి దెబ్బ తిన్నాను కదా, ఈసారి నేనే తేల్చాలని పంతం పట్టాను. ఉత్తరం మాయం చేసింది వదినే అనుకున్నాను. నోటి దురుసు మనిషి, బీరువా తాళాలన్నీ ఆవిడ దగ్గరే. మూడు రోజులు ఆలోచించినా వేరే మనిషి తట్టలేదు.

సాయంత్రం అమ్మ బీచికి వెళ్దామంది. నెల తర్వాత మొదటిసారి. కురుసుర జలాంతర్గామి దగ్గర ఆటో దిగి, ముంత మసాలా రెండు పొట్లాలు కట్టించుకుని, గోడ మీద కూర్చున్నాం. దూరంగా లంగరేసిన ఓడల్ని అమ్మ వేలితో లెక్కపెట్టింది. అయిదు. నాకు నాలుగే కనిపించాయి. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"ఆ రెండు వారాలా? నువ్వు పుట్టావు కదే. ఘోషాసుపత్రిలో ఉన్నాను. ఆపరేషన్ చేస్తే అప్పట్లో పన్నెండు రోజులు ఉంచేవారు. మీ నాన్న ఇంటికీ ఆసుపత్రికీ తిరగడమే సరిపోయింది, పుస్తకం ఎవరు కొంటారు?"

"అయితే నువ్వు కూడా చదవలేదా?"

"చదవలేదు, విన్నాను. పక్క మంచం ఆవిడది ఎస్.కోట. వాళ్లాయన తెచ్చిచ్చేవాడు, ఆవిడ పైకి చదివేది."

"వదినే కదా ఉత్తరం దాచింది?"

"వదినేటి! హీరో చెల్లెలు. చూసుకోకుండా ఆ కవరు వెనకాల చాకలి పద్దు రాసి, బట్టల మూటతో పాటు ఇచ్చేసింది."

చాకలి పద్దు! పదకొండో భాగంలో చెల్లెలు కాగితం దొరక్క క్యాలెండర్ మీద పద్దు రాస్తుంది. నేనే చదివాను, గొంతు మార్చి మరీ చదివాను. వదిన మీద కోపంలో పట్టించుకోలేదు.

"మరి హీరోయిన్‌కి ఎప్పుడు తెలిసింది?"

"అక్కడికొచ్చేసరికి నువ్వు ఏడుపు లంకించుకున్నావు. నిన్ను ఊపుతూనే చదవండి చదవండి అన్నాను గానీ, సగం వినబడనేలేదు."

"ఇంత వివరంగా చెప్పావు కదమ్మా, చాకలి పద్దుతో సహా?"

"వినబడని సగం నేను కల్పించాను" అని, మసాలాలో నిమ్మరసం చాల్లేదంటూ పొట్లం పట్టుకుని బండి దగ్గరికి వెళ్లింది.