ఉప్పు ప్యాకెట్ మీద తేదీ

పన్ను తీయించుకోవడానికి నెల్లూరులో ఒక దంత వైద్యుడి దగ్గరికి వెళ్తే, సూది వేసే ముందు బీపీ చూశారు. 168/102. ఐదు నిమిషాలు ఆగి మళ్లీ చూశారు, 164/100. "ముందు ఇది తేల్చుకోని రండి, పన్ను తర్వాత చూద్దాం" అన్నారు. అది తేలడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో ఏ పని ఎట్టా చేయాలో, ఎక్కడ లెక్క తప్పుతుందో ఇక్కడ రాస్తున్నా. ఇదే మెట్టు మీద నిలబడ్డవాళ్లు మన జిల్లాలో ఇంటికొకరు ఉన్నారు.

ఆ రోజు నాకు తలనొప్పి లేదు, కళ్లు తిరగలేదు, మెడ నరాలు లాగలేదు. మనవైపు ఈ మూడింటినీ బీపీకి గుర్తులుగా చెప్పుకుంటారు. బీపీ పెరిగిన చాలామందికి ఏ గుర్తూ ఉండదు. మెడ పట్టేసినవాళ్లలో ఎక్కువమందికి అది దిండు వల్లో, ఫోన్ మీదికి వంగడం వల్లో వచ్చిన నొప్పి. ఒంటిని అడిగితే చెప్పే జబ్బు కాదిది. మిషన్‌ని అడగాలి, అదీ సరిగ్గా అడగాలి.

ఒక్క రోజు ఆసుపత్రిలో చూసిన బీపీని బట్టి మాత్ర మొదలుపెట్టకుండా, వారం రోజులు ఇంట్లో చూసి రాసుకురమ్మని ఫిజీషియన్ చెప్పారు. ఆసుపత్రిలో అడుగుపెట్టగానే బీపీ పెరిగి, ఇంట్లో మామూలుగా ఉండేవాళ్లు ఉంటారు. దానికి తిరగబడి, డాక్టరు ముందు మామూలుగా ఉండి ఇంట్లో పెరిగేవాళ్లూ ఉంటారు. ఈ రెండోవాళ్లే ఎక్కువ ప్రమాదంలో ఉంటారు, ఎందుకంటే వాళ్ల బీపీ ఎవరి కంటా పడదు.

ఆయన అడిగిన ఇంకో ప్రశ్న నేను ఊహించలేదు. "పంటి నొప్పికి ఏం వాడుతున్నారు?" పది రోజులుగా పొద్దున ఒకటి, రాత్రి ఒకటి ఎసిక్లోఫెనాక్ వేస్తున్నా. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవే. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకుంటే మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ ఒంట్లోనే ఆపేస్తాయి. దాంతో బీపీ పెరుగుతుంది. పైగా కొన్ని బీపీ మాత్రల పనిని అవి తగ్గిస్తాయి. మోకాళ్ల నొప్పులకు నెలల తరబడి ఇవే మింగుతూ "బీపీ మాత్ర పని చేయడంలేదు" అనుకునే పెద్దవాళ్లు ఎంతమందో. నాకు వాటిని ఆపించి, నొప్పి ఉంటే పారాసెటమాల్ వేసుకోమన్నారు. జలుబు మాత్రల్లోనూ కొన్నిటిలో ముక్కు దిబ్బడ తగ్గించే మందు ఉంటుంది, అదీ బీపీని పెంచుతుంది. షాపులో మాత్ర అడిగేటప్పుడు "నాకు బీపీ ఉంది" అనే మాట ముందు రావాలి.

మిషన్ కొనేటప్పుడు మణికట్టుకు కట్టేది వద్దు, జబ్బకు కట్టేదే తీసుకోవాలి. మణికట్టు గుండెకు సమంగా లేకపోతే దాని లెక్క ఇట్టే తప్పుతుంది. కొనేముందు టైలరు టేపుతో జబ్బ చుట్టుకొలత తీసుకోవాలి. భుజం ఎముకకూ మోచేతికీ సరిగ్గా మధ్యలో కొలవాలి. నాది 34 సెంటీమీటర్లు. పెట్టెలో వచ్చిన పట్టీ మీద 22 నుంచి 32 అని రాసుంది. నేను అది చూసుకోకుండా నాలుగు రోజులు దాన్నే బిగించి కొలిచా. చిన్న పట్టీతో కొలిస్తే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఆ నాలుగు రోజుల లెక్కలన్నీ కొట్టేసి, 32 నుంచి 42 పట్టీ తెప్పించి మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టా. సన్నటి చేతికి పెద్ద పట్టీ కడితే దీనికి తిరగబడుతుంది, తక్కువ చూపిస్తుంది.

ఇక కొలిచే పద్ధతి. అరగంట ముందునుంచి కాఫీ, టీ, సిగరెట్, నడక ఉండకూడదు. మూత్రానికి వెళ్లొచ్చి కూర్చోవాలి, మూత్రాశయం నిండుగా ఉంటే అంకె పెరుగుతుంది. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు రెండూ నేలకు ఆనాలి, కాలు మీద కాలు ఉండకూడదు. మంచం అంచున వీపుకు ఆనిక లేకుండా కూర్చొని కొలవడం మన ఇళ్లలో మామూలు, అదీ తప్పే. పట్టీ చొక్కా చేతి మీద కాకుండా ఒంటికే తగలాలి. చొక్కా చేతిని పైకి చుట్టి తోస్తే అదే ఇంకో పట్టీలా బిగుసుకుంటుంది. పట్టీ కింది అంచు మోచేతి మడతకు రెండు వేళ్ల పైన ఉండాలి, ట్యూబు మోచేతి లోపలివైపు మధ్యగా దిగాలి. కట్టాక లోపల ఒకటి రెండు వేళ్లు దూరేంత బిగువు చాలు.

అన్నిటికన్నా ఎక్కువమంది పొరపాటు చేసేది చేతిని ఎక్కడ పెట్టాలనే దగ్గర. పట్టీ గుండె ఎత్తులో ఉండాలి. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని చేతిని ఒళ్లో పెట్టుకుంటే పట్టీ గుండెకు కిందకి దిగుతుంది. ప్రతి సెంటీమీటరుకూ ముప్పావు పాయింటు చొప్పున అంకె పెరుగుతుంది, పది సెంటీమీటర్లు దిగితే ఏడెనిమిది పాయింట్లు. మా డైనింగ్ టేబుల్ నాకు రవ్వంత తక్కువ ఎత్తు, అందుకని మడిచిన దుప్పటి వేసి దానిమీద చేయి వాలుస్తా. చేతిని మనమే గాల్లో ఎత్తి పట్టుకోవడం కూడా తప్పు, కండరం బిగుసుకొని అంకె పెరుగుతుంది.

ఐదు నిమిషాలు మాట లేకుండా కూర్చున్నాకే బటన్ నొక్కాలి. మిషన్ గాలి నింపుతున్నప్పుడే ఇంట్లోవాళ్లు "ఎంతొచ్చింది?" అని అడుగుతారు. జవాబు చెబితే ఆ లెక్క పోయినట్టే.

మొదటి రోజు రెండు చేతులకూ చూడాలి. తేడా నిలకడగా ఉంటే, ఎక్కువ చూపించే చేతికే ఇకమీదట చూడాలి. తేడా 15 దాటితే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. పొద్దున టిఫినుకూ మాత్రకూ ముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, రెండింటి మధ్య ఒక నిమిషం ఎడం. ఇట్టా ఏడు రోజులు. మొత్తం 28 లెక్కలు. మొదటి రోజువి నాలుగూ తీసేసి మిగిలిన 24 లెక్కలకు సగటు కట్టాలి. నచ్చినవి రాసి, నచ్చనివి వదిలేస్తే ఈ శ్రమంతా వృథా. నా సగటు 151/94 వచ్చింది. ఆసుపత్రిలో 140/90 గీత అయితే, ఇంటి లెక్కకు గీత 135/85. రెండూ దాటాయి కాబట్టి అది బీపీయే, అనుమానం లేదు.

తర్వాత చేయించిన పరీక్షలు ఇవి: రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పేది), పొటాషియం, పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్, ఈసీజీ. మొదట ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు రాశారు. ఈ మందు పూర్తి బలం ఒక్క రోజులో చూపించదు, వారం నుంచి రెండు వారాలు పడుతుంది. మూడో వారానికి సాయంత్రమయ్యేసరికి రెండు చీలమండలూ వాచేవి, సాక్సు గీత లోతుగా పడేది. ఈ మందుకు అందరికీ తెలిసిన దుష్ఫలితమే అది. సన్నటి రక్తనాళాలు వెడల్పై, వాటిలోంచి నీరు కణజాలంలోకి ఊరుతుంది. చాలామంది ఇక్కడే మాత్ర మానేసి, ఎవరికీ చెప్పకుండా ఊరుకుంటారు. మానకుండా వెళ్లి వాపు చూపిస్తే మార్చడానికి వేరే మందులున్నాయి. నాకు టెల్మిసార్టన్ 40కి మార్చి, రెండు వారాలకు క్రియాటినిన్, పొటాషియం మళ్లీ చూశారు. ఇవి నాకు పనికొచ్చిన మందులు మాత్రమే. గర్భం దాల్చే వయసులో ఉన్న ఆడవాళ్లు టెల్మిసార్టన్ లాంటిదాన్ని డాక్టరును అడగకుండా ముట్టకూడదు.

మందు తన పని తను చేస్తుంది. ఉప్పు సంగతి ఇంట్లో మనమే తేల్చాలి. "మేం ఉప్పు తక్కువే తింటాం" అని ప్రతి ఇంట్లోనూ అంటారు, మేమూ అన్నాం. నాలుకకు అలవాటైన ఉప్పే సరైన ఉప్పనిపిస్తుంది, అందుకే నాలుకను అడిగి లాభం లేదు. నేను కిలో ఉప్పు ప్యాకెట్ విప్పిన రోజు దానిమీద మార్కరుతో తేదీ వేశా. ఇంట్లో నలుగురం. పద్దెనిమిదో రోజుకు అయిపోయింది. వెయ్యి గ్రాములను 18తో, మళ్లీ 4తో భాగిస్తే మనిషికి రోజుకు 14 గ్రాములకు దగ్గర. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 5 గ్రాములకు లోపు.

ఆ లెక్కలో ఒక తప్పుంది. మన నెల్లూరు ఇళ్లలో చేపలు కడగడానికి గుప్పెళ్లకొద్దీ ఉప్పు వేసి రుద్దుతారు. అదంతా నీళ్లలో పోయేదే. అందుకని చేపలు కడిగే కల్లుప్పు డబ్బా వేరే పెట్టి, వంట ఉప్పు వేరే లెక్కపెడితే ప్యాకెట్ 24 రోజులొచ్చింది. మనిషికి 10 గ్రాములు దాటింది. ఇందులో ఊరగాయలు, అప్పడాలు, ఊరమిరపకాయలు, బయట తిన్నవి లేవు.

ఆవకాయ లెక్క వేరుగా వేశా. మా ఇంట్లో మూడు కిలోల ముక్కలకు ఉప్పు, కారం, ఆవపిండి తలా 400 గ్రాములు, నూనె ముప్పావు కిలో పైన. మొత్తం ఐదు కిలోలు అనుకుంటే నూటికి ఎనిమిది పాళ్లు ఉప్పే. ముక్కతోపాటు 20 గ్రాముల గుజ్జు వేసుకుంటే ఒకటిన్నర గ్రాము ఉప్పు లోపలికి పోయింది, రోజు మొత్తానికి చాలినదాంట్లో మూడో వంతుకు దగ్గర. ఊరగాయలో ఉప్పు తగ్గిస్తే బూజు పడుతుంది, కాబట్టి తగ్గించాల్సింది జాడీలో కాదు, కంచంలో. ఇప్పుడు రెండు రోజులకొకసారి, చిన్న ముక్క.

ఎండుచేపలు మానమని మైపాడు తీరంలో పుట్టినవాళ్లకు ఎవరు చెబుతారు, చెప్పినా ఎవరు వింటారు. కానీ కొనేటప్పుడు చూడొచ్చు. ఉప్పు పట్టించి ఎండబెట్టినవాటి మీద తెల్లటి పొర కనిపిస్తుంది, వేలితో గీస్తే పొడి రాలుతుంది. ఉప్పు లేకుండా ఉట్టి ఎండకే ఆరబెట్టిన నెత్తళ్లు కూడా దొరుకుతాయి, అడిగి తీసుకోవాలి. ఉప్పుచేపను గోరువెచ్చటి నీళ్లలో అరగంట నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, ఇంకోసారి నానబెడితే కొంత ఉప్పు దిగుతుంది, మొత్తం మాత్రం దిగదు. ఆ కూరలో వేరే ఉప్పు వేయకుండా చివర రుచి చూడాలి.

వంటలో ఉప్పును చేత్తో వేయడం ఆపి, అంచుకు సమంగా గీసిన చెంచాతో వేయడం మొదలుపెట్టాం. వారానికి కొంచెం చొప్పున తగ్గిస్తే ఇంట్లో ఎవరూ పట్టుకోలేదు. చేపల పులుసులో మామిడికాయ పులుపు బాగా పట్టిన రోజు ఉప్పు తగ్గినట్టే తెలియదు. పప్పులో, ఇగురులో తెలుస్తుంది, అక్కడ నిదానంగా తగ్గించాలి. మజ్జిగన్నంలో ఉప్పు కలుపుకోవడం నేను మొదటే మానేశా, అది మూడు వారాలు చప్పగా అనిపించి తర్వాత అలవాటైంది. ఇప్పుడు ప్యాకెట్ 43 రోజులొస్తోంది, మనిషికి 6 గ్రాములకు కాస్త లోపు. ఇంకా తగ్గాలి.

సైంధవ లవణం, ఇస్కపల్లి కయ్యల కల్లుప్పు, ప్యాకెట్ ఉప్పు, మూడూ చాలావరకు సోడియం క్లోరైడే. తూకంలో ఒకటే బరువుంటే బీపీకి ఒకటే. అయోడిన్ కలిపినదేనా అని మాత్రం చూసుకోవాలి. "తక్కువ సోడియం" అని అమ్మే ఉప్పులో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. మూత్రపిండాల జబ్బున్నవాళ్లకూ, టెల్మిసార్టన్, లోసార్టన్, స్పైరోనోలాక్టోన్ లాంటివి వాడేవాళ్లకూ రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరగొచ్చు. పక్కింటివాళ్లు వాడుతున్నారని తెచ్చుకునే వస్తువు కాదది. నేను డాక్టరును అడిగి, వద్దంటే మానేశా.

నడక గురించి ఎక్కువ రాయను. స్వర్ణాల చెరువు గట్టున వారానికి ఐదు రోజులు అరగంట, మాట్లాడగలిగి పాట పాడలేనంత వేగం. తగ్గిన ప్రతి కిలో బరువుకూ పై అంకె సుమారు ఒక పాయింటు తగ్గుతుంది.

రోహిణి కార్తెలో ఇంకో జాగ్రత్త కావాలి. ఎండలకు బీపీ తనంతట తనే కొంత తగ్గుతుంది. చెమటతో నీరు, ఉప్పు పోతాయి. నీరు పోయే మాత్ర వేసుకునే పెద్దవాళ్లు లేచి నిలబడగానే తూలి పడతారు. కూర్చొని ఒకసారి, నిలబడ్డాక ఒక నిమిషానికీ మూడు నిమిషాలకూ చూస్తే తెలుస్తుంది. పై అంకె 20 పడిపోతే మందు మోతాదు గురించి డాక్టరును అడగాలి, సొంతంగా సగం మాత్ర చేయకూడదు. వాంతులు, విరేచనాలు పట్టిన రోజు కూడా ఇదే.

ఎప్పుడైనా 180/120 దాటితే భయపడి రెండో మాత్ర మింగొద్దు. ఐదు నిమిషాలు కూర్చొని మళ్లీ చూడాలి. దానితోపాటు ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకరపోవడం, మాట ముద్దగా రావడం, ఒక చేయో కాలో పట్టు తప్పడం, చూపు మసకబారడం ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఇవేవీ లేకుండా అంకె అట్టాగే ఉంటే అదే రోజు డాక్టరుకు చూపించాలి.

మూడో నెల చివర వారం సగటు 127/81. లెక్కలు రాసుకున్న పుస్తకం పట్టుకొని మళ్లీ దంత వైద్యుడి దగ్గరికి వెళ్లా. పన్ను తీసే రోజు పొద్దున బీపీ మాత్ర మానకూడదు, రోజూ వేసుకున్నట్టే వేసుకోవాలి. వేసుకుంటున్న మందుల పేర్లు చీటీ మీద రాసిచ్చా, ఎందుకంటే మత్తు సూదిలో కలిపే అడ్రినలిన్ ఎంత ఉండాలో వాళ్లు దాన్నిబట్టే చూసుకుంటారు. తర్వాత నొప్పికి ఎసిక్లోఫెనాక్ రాయబోతుంటే చీటీ మళ్లీ చూపించా. పారాసెటమాల్ రాశారు.