పెన్సిలుతో ఒకటి, పెన్నుతో ఒకటి

జూన్ 8, 2025, ఆదివారం
ఎడిసన్, న్యూజెర్సీ

రాత్రి బయట పెట్టిన ఇడ్లీ పిండి బాగా పొంగి మూతని ఎత్తేసింది. మొదటి వాయి దించి, పిల్లకి పెట్టి, వాళ్ళ నాన్నతో ఈత క్లాసుకి పంపేసరికి తొమ్మిదయింది. తెనాల్లో అప్పుడు సాయంత్రం ఆరున్నర. మా నాన్న వరండాలో కూర్చుని నా ఫోన్ కోసం చూస్తూ ఉంటాడు.

"ఏమ్మా, ఇవాళేగా మీ టోనీ నాటక అవార్డులు? మార్కులు వేశావా?"

"సగం వేశాను నాన్నా. మిగతా సగం తేలట్లేదు."

"తేలకపోతేనే మంచిది. అన్నీ ముందే తేలిపోయిన ఏడాది పరిషత్తుకి వెళ్ళబుద్ధే కాదు."

నాన్న లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. నాటక పోటీలు నడిపే ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో పుట్టింది మా తెనాలిలోనే. ఆ గాలి ఊళ్ళో ఇంకా ఉంది. చుట్టుపక్కల ఎక్కడ నాటికల పోటీలు జరిగినా స్కూటరు మీద నన్ను ముందు నిలబెట్టుకుని తీసుకెళ్ళేవాడు. చేతిలో లేపాక్షి నోటుబుక్కు, ప్రతి నాటికకీ ఒక పేజీ. రచన, దర్శకత్వం, నటన, ఆహార్యం, రంగాలంకరణ, సంగీతం అని గడులు గీసుకునేవాడు. ఒక్కో గడిలో రెండు పేర్లు. పెన్సిలుతో రాసింది జడ్జీలు ఎవరికిస్తారో వాళ్ళ పేరు, పెన్నుతో రాసింది తనైతే ఎవరికిస్తాడో వాళ్ళ పేరు. అన్నిటికీ చివర 'ద' అని ఇంకో గడి. ద అంటే దగ్గు. హాల్లో ఎవరు దగ్గినా అందులో ఒక గీత పడేది. నాటిక పట్టు తప్పితే ఆ సంగతి ముందు బయటపడేది దగ్గుల్లోనే అంటాడు. కథలో మునిగిపోయిన మనిషికి గొంతులో గరగర ఉన్న సంగతి కూడా గుర్తుండదట. గీతలు తక్కువున్న పేజీయే నాన్న మొదటి బహుమతి.

నేనూ అదే పద్ధతిలో వేస్తున్నాను. కాగితం వంటింటి గట్టు మీదే ఉంది. పప్పులో తాలింపు వేస్తూ ఒక పేరు, బట్టలు మడతపెడుతూ ఒక పేరు.

టోనీ అన్నది ఆంటోనెట్ పెర్రీ అనే నటి, దర్శకురాలి పేరుని కుదించి పెట్టిన పేరు. 1947లో మొదలైన ఈ అవార్డులు ఇవాళ్టికి 78వ సారి ఇస్తున్నారు. న్యూయార్క్‌లో బ్రాడ్‌వే లెక్కలోకి వచ్చే 41 నాటకాల హాళ్ళలో ఎక్కడైనా ఆడితేనే పోటీకి అర్హత. ఓటు వేసేవాళ్ళు 840 మంది దాకా ఉంటారు. మన పరిషత్తులోనైతే ముగ్గురు జడ్జీలు ముందు వరసలో కూర్చుని, మనం చూసిందే మనతోపాటే చూస్తారు. ఇక్కడ ఒక్కొక్కళ్ళు ఒక్కో రోజు చూస్తారు. ఆ రోజు నటుడికి జ్వరం ఉండచ్చు, హాలు సగం ఖాళీగా ఉండచ్చు. ఇన్ని రాత్రులూ పట్టు సడలకుండా నిలబెట్టినవాళ్ళకి వచ్చే బహుమతి కాబట్టే దీనికంత విలువ.

ఉత్తమ మ్యూజికల్, అంటే పాటలతో నడిచే నాటకం, గడిలో పెన్సిలూ పెన్నూ ఒకే పేరు రాశాయి: 'మేబీ హ్యాపీ ఎండింగ్'. డిసెంబరులో బెలాస్కో థియేటర్లో చూశాను. అప్పటికి దాని పేరు ఎవరికీ పెద్దగా పట్టలేదు, టికెట్టు సులువుగా దొరికింది. తర్వాత చూసినవాళ్ళు చూడనివాళ్ళకి చెప్పి నిలబెట్టారు. సియోల్‌లో, యజమానులకి పాతబడిపోయిన రెండు రోబోలు, ఒకటి ఆడ, ఒకటి మగ, ఎదురెదురు గదుల్లో ఉంటాయి. ఆమె ఛార్జరు పాడై, అతని తలుపు తడుతుంది. కథ మొదలయ్యేది అంత చిన్న అవసరంతోనే. అతనికి తోడు ఒక కుండీలో మొక్క, పాత జాజ్ పాటలు, యజమాని వస్తాడన్న నమ్మకం. ఇద్దరూ కలిసి జేజు దీవికి వెళ్ళి మిణుగురులని చూసే ఘట్టంలో నా ముందు వరస పెద్దాయన అప్పటిదాకా విప్పుతున్న చాక్లెట్ కాగితాన్ని సగంలో ఆపేశాడు. గుప్పిట అలాగే గాల్లో ఉండిపోయింది. జలుబుల కాలం, నిండు డిసెంబరు. అయినా నా 'ద' గడిలో ఒక్క గీత పడలేదు. ఆమె పాత్ర వేసిన హెలెన్ జె. షెన్‌కి నామినేషన్ కూడా ఇవ్వకపోవడం అన్యాయం. ఆ ఆట ఇద్దరిదీ. తబలా లేని హార్మోనియానికి బహుమతి ఇచ్చినట్టుంది.

అతని పాత్ర వేసిన డారెన్ క్రిస్ పేరు మ్యూజికల్‌లో ఉత్తమ నటుడి గడిలో పెన్సిలుతో రాశాను. పెన్నుతో మాత్రం 'డెడ్ అవుట్‌లా' ఆండ్రూ డురాండ్. మేలో లాంగేకర్ థియేటర్లో చూశాను. దొంగతనాలు చేసి చచ్చిపోయిన ఒకడి శవం ఏళ్ళ తరబడి ఊరూరా ప్రదర్శనలకి తిరిగిన నిజం కథ అది. ఆటలో చాలాసేపు డురాండ్ పెట్టెలో నిలబడిన శవం. పాట లేదు, మాట లేదు. చుట్టూ అందరూ పాడుతుంటే, ఆడుతుంటే కదలకుండా నిలబడతాడు. నేను పక్కనుంచి చూస్తున్నాను, మెడ దగ్గర నరం కూడా కదిలినట్టు కనపడలేదు.

ఆ పని ఎంత కష్టమో నాకు తెలుసు. ఎనిమిదేళ్ళప్పుడు 'సత్య హరిశ్చంద్ర'లో లోహితాస్యుడి వేషం వేశాను. కాటిసీనులో చంద్రమతి ఒళ్ళో పాము కరిచి చచ్చిపోయిన పిల్లాణ్ణి. లైట్లకి వచ్చిన దోమలు ముక్కు మీద వాలాయి. చంద్రమతి వేసిన ఆవిడ పద్యం అందుకుని ఏడుస్తుంటే ఆవిడ కన్నీళ్ళూ పౌడరూ కలిసి నా చెంప మీద పడి, చెవిలోకి జారుతున్నాయి. కదిలితే ఆవిడ పద్యం పోతుంది, హరిశ్చంద్రుడి పద్యం పోతుంది, హాలంతా పోతుంది. నాన్న ముందే చెప్పాడు: "నువ్వు ఊపిరి తీసుకోవాల్సింది వాళ్ళు రాగం తీసేటప్పుడే." అలాగే తీసుకున్నాను. డురాండ్‌ని చూస్తున్నంతసేపూ ఇతను ఏ స్వరం దగ్గర ఊపిరి తీసుకుంటున్నాడా అనే వెతికాను.

ఉత్తమ నాటకం గడి దగ్గరే ఇవాళంతా తిరుగుతున్నాను. పెన్సిలు గడి తేలికే. బ్రాండెన్ జేకబ్స్-జెంకిన్స్ రాసిన 'పర్పస్'. మొన్న మేలోనే పులిట్జర్ బహుమతి వచ్చింది. మంచి నాటకం, మనసారా చెప్తున్నాను. షికాగోలో పేరున్న నల్లజాతి కుటుంబం, బయట మంచు, లోపల భోజనాల బల్ల. అందరూ నవ్వుతూ కూర్చున్న ఆ బల్ల దగ్గర ఒక్కో మాటా అంటుకుని అంటుకుని ఇల్లంతా మంటలైపోతుంది. ఆ ఇంటికి అతిథిగా వచ్చిన అమ్మాయిగా కారా యంగ్ వింటూ కూర్చున్న తీరు చాలు, ఉత్తమ సహాయ నటికి ఆమె పేరే రెండుసార్లూ రాశాను. నిరుడూ ఆమెకే వచ్చింది, వరసగా ఇస్తే ఏం?

పెన్ను గడిలో మాత్రం సనాజ్ తూసీ రాసిన 'ఇంగ్లిష్'.

ఇరాన్‌లో కరాజ్ అనే ఊరు, 2008. టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్షకి తయారయ్యే నలుగురు, ఒక టీచరు. క్లాసులో ఇంగ్లీషు తప్ప మాట్లాడకూడదని నియమం. నేను టోఫెల్ రాసింది కూడా 2008లోనే. అమీర్‌పేటలో నాలుగో అంతస్తు గది, తలకి పెద్ద హెడ్‌ఫోన్లు, ఆలోచించుకోవడానికి పదిహేను సెకన్లు, మాట్లాడటానికి నలభై ఐదు సెకన్లు. "నీకు ఇష్టమైన మనిషి గురించి చెప్పు" అంటే నాన్న గురించి మొదలుపెట్టి, 'పరిషత్తు'కి ఇంగ్లీషు మాట దొరక్క ఆగిపోయాను. సమయం అయిపోయింది. ఆ నలభై ఐదు సెకన్లలో మా నాన్న 'నాటకాలంటే ఇష్టమున్న లెక్కల టీచరు'గా మిగిలిపోయాడు.

ఈ నాటకంలో చేసిన పని చూడండి. పాత్రలు సొంత భాషలో మాట్లాడుతున్నప్పుడు మనకి గడగడా, హాయిగా, నవ్వులతో ఇంగ్లీషు వినిపిస్తుంది. ఇంగ్లీషులోకి వెళ్ళగానే అదే మనిషి తడబడుతూ, మాటలు వెతుక్కుంటూ, చిన్నదైపోతుంది. నటి మారలేదు, బట్టలు మారలేదు, మనిషి ఎత్తే తగ్గినట్టుంటుంది. ఎల్హాం అనే అమ్మాయి తన భాషలో ఎంత చురుకు! ఇంగ్లీషులో ఆమెని ఎవరూ తెలివైనదనుకోరు. ఆ సంగతి ఆమెకి తెలుసు, అందుకే ఆ కోపం. రంగస్థలం తప్ప ఇంకేదీ దీన్ని ఇంత సూటిగా చూపించలేదు. చివర్లో ఇద్దరు ఆడవాళ్ళు ఫార్సీలోనే మాట్లాడుకుంటారు. మనకి అనువాదం ఉండదు. అప్పటిదాకా మనకి దగ్గరగా ఉన్నవాళ్ళు ఒక్క క్షణంలో వాళ్ళ ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నట్టుంటుంది.

అందులో రోయా అనే పెద్దావిడ ఉంది. కొడుకు కెనడాలో. మనవరాలితో మాట్లాడాలంటే ఇంగ్లీషు నేర్చుకు రమ్మన్నాడు. ఆవిడ ఫోనులో కొడుక్కి సందేశాలు వదులుతుంటుంది.

నేను చూసింది ఫిబ్రవరిలో, 42వ వీధిలో టాడ్ హేమ్స్ థియేటర్లో. రైల్లో తిరిగొస్తూ మెట్రోపార్క్ స్టేషన్ దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. మా అమ్మాయి వాళ్ళ తాతయ్యతో "బాగున్నా తాతయ్యా, తిన్నా తాతయ్యా" దాకా తెలుగులో మాట్లాడుతుంది. ఆ పైన ఇంగ్లీషే. నాన్న "అలాగేనమ్మా, అలాగే" అంటాడు. ఎంత అర్థమైందో నేను ఎప్పుడూ అడగలేదు.

ఇవాళ పొద్దున ఆ నాటకం సంగతే చెప్తుంటే నాన్న అవతల చాలాసేపు ఏమీ అనలేదు.

"లైన్లో ఉన్నావా నాన్నా?"

"ఉన్నా. హాల్లో ఎన్ని గీతలు?"

"రెండు. రెండూ మొదటి పది నిమిషాల్లోనే."

"ఇంకేం, పెన్నుతో రాసెయ్."

మిగతావాటికి ఇంత తర్జనభర్జన లేదు. నాటకంలో ఉత్తమ నటుడికి జార్జ్ క్లూనీ పోటీలో ఉన్నాడు. ఆయన నాటకం 'గుడ్ నైట్, అండ్ గుడ్ లక్'ని నిన్న రాత్రే సీఎన్ఎన్‌లో ప్రత్యక్షంగా వేశారు, ఇంట్లో కూర్చుని చూశాం. బ్రాడ్‌వే నాటకాన్ని డబ్బులు లేకుండా ఇంతమందికి చూపించినందుకు దణ్ణం పెట్టాలి. ఓటు మాత్రం 'ఓ, మేరీ!'లో లింకన్ భార్యగా వేసిన కోల్ ఎస్కోలాకే. ఆ గౌను కుచ్చిళ్ళని ఒక్క విసురు విసిరి తిరిగితే హాలు ఊగిపోతుంది. నాన్నకి ఈ సంగతి చెప్పగానే స్థానం నరసింహారావు గారి దగ్గరికి వెళ్ళిపోయాడు. బాపట్లలో పుట్టిన స్థానం వారు సత్యభామగా 'మీరజాలగలడా' పాడుతుంటే ఆడవాళ్ళు ఆ నడక నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళని మా తాతయ్య చెప్పేవాడట. ఇద్దరి దారులూ వేరు. స్థానం వారిది లాలిత్యం, కోల్‌ది అల్లరి.

సారా స్నూక్ 'ద పిక్చర్ ఆఫ్ డోరియన్ గ్రే'లో ఒక్కతే 26 పాత్రలు వేసింది. నాటకంలో ఉత్తమ నటి గడిలో పెన్సిలు అక్కడే. తెరల మీద బొమ్మలు ఎక్కువైపోయాయని నా మనసుకి అనిపించింది కాబట్టి పెన్నుతో 'పర్పస్'లో తల్లి పాత్ర వేసిన లటాన్యా రిచర్డ్‌సన్ జాక్సన్. 'బ్యూనా విస్టా సోషల్ క్లబ్' అనే మ్యూజికల్ వాద్యకారులకి ప్రత్యేక టోనీ ముందే ప్రకటించారు. ఎంత సంతోషమో! తెర పక్కన చీకట్లో కూర్చుని తెల్లార్లూ హార్మోనియం మెట్లు నొక్కినవాళ్ళని చూస్తూ పెరిగినదాన్ని.

సాయంత్రం అయిదయింది. బట్టలు సర్దేశాను, పిల్ల హోంవర్కు అయింది. ఒక్క గడి ఖాళీ. మ్యూజికల్‌లో ఉత్తమ నటి.

'సన్‌సెట్ బులెవార్డ్'లో నికోల్ షెర్జింగర్‌కి ఇదే పాత్ర మీద లండన్‌లో నాటకాలకిచ్చే ఒలివియే అవార్డు వచ్చింది. పెన్సిలుతో ఆ పేరు రాశాను. లోపలికెళ్ళి ఆ ఆట చూడలేకపోయాను, టికెట్టు అందలేదు. ఒక రాత్రి 44వ వీధిలో జనంతో పాటు నిలబడి, అందులో హీరో టామ్ ఫ్రాన్సిస్ పాడుకుంటూ రోడ్డు మీదికి నడిచొచ్చిన ముక్క మాత్రం చూశాను.

మెజెస్టిక్ థియేటర్లో 'జిప్సీ' చూసింది జనవరిలో, బాల్కనీ చివరి వరసలో. అందులో రోజ్ పాత్ర వేసిన ఆడ్రా మెక్‌డొనాల్డ్‌కి ఇప్పటికే ఆరు టోనీలున్నాయి, ఇది పదకొండో నామినేషను. ఆమె గొంతు ఈ పాత్రకి నప్పలేదన్న మాట చాలాచోట్ల విన్నాను. నేను ఒప్పుకోను. పద్యంలో రాగం తీసి తీసి వన్స్‌మోర్ కొట్టించుకునేవాళ్ళని నాన్న ఎప్పుడూ మెచ్చలేదు. అర్థం విరిగే చోట గొంతూ విరగాలి అనేవాడు. చివరి పాటలో రోజ్ ఒంటరిగా నిలబడి, ఇదంతా ఎవరికోసం చేశానని తనని తాను అడుగుతున్నప్పుడు ఆడ్రా గొంతు సరిగ్గా అక్కడ విరిగింది. నా పక్కన కూర్చున్నావిడకి మొదటి అంకం అంతా దగ్గు. ఆ పాట మొదలయ్యాక రుమాలు ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

ఆరు నలభై. ముందుగా ఇచ్చేసే అవార్డులు మొదలవుతున్నాయి. అయ్యేసరికి రాత్రి పదకొండు దాటుతుంది, నాన్నకి పొద్దున ఎనిమిదిన్నర. కాఫీ తాగుతూ వింటానన్నాడు. మా అమ్మాయి సోఫాలో పక్కన చేరి, కాగితం లాక్కుని, కూడబలుక్కుంటూ "ఇం, గ్లి, ష్" అని చదివి, ఖాళీ గడి చూపించి "ఇక్కడ అమ్మా?" అంది.

పెన్ను తీసుకుని ఆడ్రా అని రాశాను.