పెడల్ మీద కాలు మొద్దుబారినప్పుడు

పెళ్లిళ్ల సీజన్‌లో రోజుకు 10 గంటలు కుట్టుమిషన్ ముందే కూర్చున్నాను. మొదట నడుము పట్టేసిందనుకుని బామ్ రాసుకున్నాను. నాలుగో రోజు నొప్పి పిరుదు నుంచి తొడ పక్కగా, పిక్క మీదుగా కుడి బొటనవేలి దాకా కరెంట్ షాక్‌లా పాకింది. దగ్గితే ఇంకా ఎక్కువ. పెడల్ తొక్కుతుంటే పాదం పైభాగం మొద్దుబారిపోయేది. చాలా టెన్షన్ పడ్డాను.

డాక్టరుగారు మడమల మీద నడిపించి చూశారు. బొటనవేలు పైకెత్తమని, తన వేలితో అదిమి బలం చూశారు. నడుములో నాలుగు, ఐదు పూసల మధ్య డిస్క్ ఉబ్బి నరాన్ని నొక్కుతోందట. బలం తగ్గలేదు కాబట్టి వెంటనే స్కాన్ అక్కర్లేదన్నారు. చాలామందికి 6 నుంచి 12 వారాల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుతుందట.

మంచం పట్టకూడదని కూడా అప్పుడే తెలిసింది. కాసేపు నడక, పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు, అరగంటకోసారి మిషన్ దగ్గర్నుంచి లేవడం. వంగి బిందె ఎత్తడం మానేశాను. "నడుము తొక్కిస్తే సర్దుకుంటుందమ్మా" అని అత్తయ్య ప్రేమగానే అన్నారు, నేనే వద్దన్నాను. తొమ్మిదో వారానికి నొప్పి కాలు వదిలి పిరుదు దగ్గరే మిగిలింది. అలా పైకి జరగడం మంచి గుర్తేనట.

మూత్రం బిగుసుకుపోయినా, తెలియకుండా పోతున్నా, తొడల మధ్య స్పర్శ పోయినా, పాదం వేలాడిపోతున్నా తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్లండి.